స్కాన్ నార్మలే, మరి పిల్లాడు ఎందుకు తినడం లేదు?

ఈసారి ఉత్తరం కావలి దగ్గర ఒక పల్లె నుంచి వచ్చింది. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆరు పేజీల ఉత్తరం, చివరి రెండు పేజీలు రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని రాశారట. సంగతి క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు ఎనిమిదేళ్ళ కొడుకు, మూడో తరగతి. ఐదు వారాల కిందట కొండ బిట్రగుంట తిరునాళ్ళకని ఆమె తమ్ముడు వచ్చి పిల్లాణ్ణి బైకు మీద, ముందు పెట్రోల్ ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు చీకట్లో గేదె అడ్డమొచ్చింది. సడన్ బ్రేకు వేస్తే బండి పక్కకి ఒరిగిపోయింది, పిల్లాడు హ్యాండిల్ మీదికి వెళ్ళి పడ్డాడు. ఆ హ్యాండిల్ చివర రబ్బరు ఊడిపోయి ఉత్త గొట్టమే ఉంది. పిల్లాడికి బొడ్డు పైన రూపాయి బిళ్ళంత గుండ్రటి ఎర్ర మచ్చ పడింది, రక్తం మాత్రం చుక్క కూడా రాలేదు.

ఆమె భర్తకీ ఈ తమ్ముడికీ చీటీ డబ్బుల దగ్గర తగాదా వచ్చి ఏడాదిగా మాటల్లేవు. పైగా "వాడి బండి ఎక్కించొద్దు" అని భర్త ముందే చెప్పి ఉన్నాడు. అందుకని అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి ఒక మాట అనుకున్నారు, కాలవ కట్ట మీద ఆడుకుంటూ జారి పడ్డాడని. ఇంట్లో అదే చెప్పారు. ఆసుపత్రిలోనూ అదే చెప్పారు. పిల్లాడికీ అదే నేర్పించారు. ఆ రాత్రి పొట్ట స్కాన్ చేసి రక్తం, నీరు ఏమీ లేవని, నార్మల్ అని, తెల్లారిందాకా ఉంచుకుని పంపించేశారు. రెండు వారాలు పిల్లాడు మామూలుగానే తిరిగాడు. మూడో వారం నుంచి అన్నం తిన్న అరగంటకి పొట్ట పట్టుకుని ముడుచుకుపోతున్నాడు. వారానికి రెండు మూడుసార్లు వాంతి, వాంతయ్యాక కాసేపు హాయిగా ఉంటాడు. ఇరవైమూడు కిలోలుండేవాడు ఇరవైకి వచ్చాడు. అత్తగారు వేడి చేసిందని సబ్జా నీళ్ళు ఇచ్చారు, తర్వాత పేగు పడిందని ఎవరినో పిలిపించి ఆముదం రాసి పొట్ట తోమించారు. ఊళ్ళో ఆర్ఎంపీ గ్యాస్ టానిక్కూ నులిపురుగుల మాత్రా ఇచ్చాడు. చివరికి కావలిలో చూపిస్తే, పిల్లాడి తాతకు ఒకప్పుడు టీబీ ఉండేదని విని, పేగుల్లో టీబీ ఏమో చూద్దాం అన్నారు డాక్టరు. భర్త రొయ్యల గుంట దగ్గరే పడుకుంటున్నాడు, ఇంకో పది రోజుల్లో రొయ్యల పట్టుబడి.

ఆమె అడిగినవి రెండు. ఐదు వారాల కిందటి దెబ్బకి ఇప్పుడు నొప్పి రావడం ఉంటుందా, స్కాన్ నార్మల్ అన్నారు కదా? ఇప్పుడు నిజం చెబితే మా ఆయన నా తమ్ముణ్ణి బతకనిస్తాడా?

*

తల్లీ, నా వయసుకి నిన్ను నువ్వనే అంటాను, ఏమీ అనుకోకు. నేను డాక్టరును కాదు. పిల్లల సర్జరీ వార్డులో ఇరవై ఎనిమిదేళ్ళు సిస్టరుగా చేసి రిటైరైన దాన్ని. కాబట్టి నీ కొడుక్కి ఫలానా జబ్బు అని నేను చెప్పను, చెప్పకూడదు. కానీ నీ ఉత్తరం చదువుతూ నాలుగో పేజీ దగ్గర ఆగిపోయి, వెనక్కి వెళ్ళి ఆ గొట్టం సంగతి మళ్ళీ చదివాను.

ముందు నీ మొదటి ప్రశ్న. ఉంటుంది. ఐదు వారాలకు రావడం ఉంటుంది, రెండు మూడు నెలలకు వచ్చిన పిల్లల్ని కూడా చూశాను.

ఎందుకో చెబుతాను, ఇది నీకు అర్థమైతే మిగతాదంతా సులువు. మన కడుపులో చిన్నపేగు మీటర్ల పొడవుంటుంది. అదంతా ఊరికే కుప్పగా పడి ఉండదు, వెనక వెన్నెముక వైపు నుంచి వచ్చే ఒక పల్చటి పొరకి అతుక్కుని వేలాడుతుంటుంది. మెసెంటరీ అంటారు దాన్ని. పేగుకి రక్తం తెచ్చే నాళాలన్నీ ఆ పొరలోంచే వస్తాయి. మళ్ళకి కాలవల్లాగా అనుకో. పిల్లల పొట్ట గోడ పల్చన, కొవ్వు తక్కువ. పెద్ద బస్సు గుద్దినా దెబ్బ ఒళ్ళంతా పంచుకుంటుంది, కానీ గొట్టం చివర పొట్టలో దిగితే ఆ బలమంతా రూపాయి బిళ్ళంత జాగాలోనే దిగుతుంది. ముందు గొట్టం, వెనక వెన్నెముక, మధ్యలో పేగు. రోకటి కింద పడ్డట్టు నలుగుతుంది. పైన చర్మం మీద ఒక మచ్చే కనబడుతుంది, అందుకే హ్యాండిల్ దెబ్బల్ని అందరూ తక్కువ అంచనా వేస్తారు. సైకిల్ హ్యాండిల్ అయినా అంతే, బండి పెద్దదా చిన్నదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ఇప్పుడు ఆ నలిగిన చోట ఏమవుతుందన్నది మూడు నాలుగు రకాలుగా ఉంటుంది. పేగుకి చిల్లు పడితే మామూలుగా ఒకటి రెండు రోజుల్లోనే బయటపడుతుంది, జ్వరం, పొట్ట రాయిలా గట్టిపడటం, పిల్లాడు మంచం దిగడానికి కూడా ఒప్పుకోకపోవడం. నీవాడికి అది దాటిపోయింది. చిన్నపేగు మొదట్లో, డుయోడినం గోడలో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే రెండో రోజో మూడో రోజో పసరు వాంతులు మొదలవుతాయి, చాలామందికి ఆపరేషన్ లేకుండానే, ముక్కులోంచి ట్యూబు వేసి నరంలోంచి పోషణ ఇస్తే ఒకటి నుంచి మూడు వారాల్లో కరిగిపోతుంది. నీవాడికి అదీ కాకపోవచ్చు, ఎందుకంటే రెండు వారాలు బాగా తిన్నాడు. పాంక్రియాస్‌కి, అంటే తిండి అరగడానికి రసం ఇచ్చే క్లోమానికి, దెబ్బ తగిలి, దాని రసం కారి, వారాల తర్వాత పొట్ట పైభాగంలో నీటిగడ్డలా చేరడం ఇంకొకటి. ఇది చూడాల్సిందే, రక్త పరీక్షా మళ్ళీ ఒక స్కానూ చేస్తే చాలావరకు తెలిసిపోతుంది.

నాలుగోది నీ ఉత్తరానికి దగ్గరగా ఉంది. ఆ పొర ఒకచోట చిరిగి, ఒక జానెడు పేగుకి రక్తం సరిగ్గా అందదు. పేగు చచ్చిపోదు, చిల్లూ పడదు, నెమ్మదిగా మానుతుంది. కానీ కాలిన చర్మం మానితే ఎలా ముడుచుకుపోతుందో అలా మానుతుంది. లోపలి దారి వారం వారం సన్నబడుతుంది. స్ట్రిక్చర్ అంటారు. మొదటి రెండు వారాలు ఏమీ తెలియదు, ఎందుకంటే దారి ఇంకా వెడల్పుగానే ఉంది. ఆ తర్వాత గట్టి ముద్ద పోవడం కష్టమవుతుంది, పేగు దాన్ని తోయడానికి బలంగా ముడుచుకుంటుంది, ఆ నొప్పి అలలు అలలుగా వస్తుంది, చివరికి వాంతి. వాంతయితే బరువు తగ్గి హాయి. మళ్ళీ తిన్నప్పుడు మొదలు.

నువ్వే రాశావు చూడు, "మెత్తగా పిసికిన పెరుగన్నం, రాగి జావ అయితే తాగుతాడు, చపాతీ, కోడికూర పెడితే ప్లేటు తోసేస్తాడు, నా ముద్దుల కొడుకు గారాలు పోతున్నాడు" అని. గారం కాదమ్మా. ఏది దిగుతుందో ఏది దిగదో వాడి పొట్ట వాడికి నేర్పింది.

మరి స్కాన్ ఎందుకు నార్మల్ అన్నారు అంటావు. ఆ రాత్రి వాళ్ళు చేసిన స్కాన్ తప్పు కాదు. దెబ్బ తగిలిన గంటల్లో చేసే అల్ట్రాసౌండ్ ముఖ్యంగా చూసేది పొట్టలో రక్తం చేరిందా, కాలేయం, ప్లీహం పగిలాయా అని. అవి బాగున్నాయి, కాబట్టి నార్మల్ అన్నారు, అది నిజమే. పేగు నిండా గాలి ఉంటుంది, గాలి ఉంటే అల్ట్రాసౌండ్‌కి సరిగా కనబడదు. సీటీ స్కాన్ ఇంకా మెరుగు, కానీ మొదటి గంటల్లో పేగు దెబ్బల్ని అది కూడా కొన్నిసార్లు పట్టుకోలేదు. ఇక పేగు సన్నబడటమన్నది ఆ రాత్రికి అసలు పుట్టనే లేదు, లేనిదాన్ని ఏ మిషనూ చూపించదు. అందుకే ఇలాంటి దెబ్బల్లో సర్జన్లు మొదటి రోజు స్కాన్ చూసి ఊరుకోరు, దెబ్బ ఎలా తగిలిందని గుచ్చి గుచ్చి అడుగుతారు. బండి హ్యాండిల్ అని విని ఉంటే, బహుశా ఇంకో రోజు ఉంచుకునేవాళ్ళు, కనీసం వారానికి మళ్ళీ రమ్మనేవాళ్ళు. కట్ట మీద జారి పడ్డాడని విన్నారు, దానికి తగ్గట్టు చేశారు. నిన్ను తిట్టడానికి చెప్పడం లేదు. ఇప్పుడు ఏం చేయాలో దీంట్లోనే ఉంది కాబట్టి చెబుతున్నాను.

నేను పనిచేసిన చోట చాలా ఏళ్ళ కిందట ఒక పిల్లాడు వచ్చాడు, పదేళ్ళుంటాయి. చిక్కి శల్యమై ఉన్నాడు. ఫైల్లో అన్నీ ఉన్నాయి, పేగు ఒకచోట సన్నబడిందని బేరియం ఎక్స్‌రేలో, అంటే తెల్లటి మందు తాగించి తీసే ఎక్స్‌రేలో, కనబడింది కూడా. మన దేశంలో పేగు సన్నబడింది అంటే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది టీబీయే, అది సహజం, నిజంగానే చాలామందికి అదే ఉంటుంది. ఇంక మందులు మొదలుపెడదామనుకుంటున్నారు. ఆ రోజు సాయంత్రం నేను వాడికి జావ పట్టించి పడుకోబెడితే కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పొట్ట మీద పడింది. ఎడమ నుంచి కుడికి చర్మం కింద ఒక ఉబ్బు మెల్లగా పాకింది, ఆగింది, మళ్ళీ ఎడమ నుంచి మొదలైంది. గుర్రుమని చప్పుడు నా చెవికే వినబడింది. పక్కనే కూర్చున్న వాళ్ళ అవ్వ "సైకిల్ పడ్డకాడి నుంచే అట్టా పాము తిరిగినట్టు తిరగతాది" అంది. ఏ సైకిల్ అని అడిగాను. రెండు నెలల కిందటిదట. ఎవరూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. అంతే, కథంతా మారిపోయింది. ఆపరేషన్‌లో నాలుగు వేళ్ళంత సన్నబడిన పేగు ముక్క తీసేసి రెండు చివరలూ కలిపి కుట్టారు. ఎనిమిదో రోజు వాడు ఇడ్లీ అడిగాడు.

నువ్వూ ఒకసారి చూడు. అన్నం తిన్న ఇరవై నిమిషాలకి వెల్లకిలా పడుకోబెట్టి, ట్యూబులైటు ఆర్పేసి, పక్క నుంచి టార్చి వేసి రెండు నిమిషాలు పొట్టనే చూస్తూ ఉండు. అలా పాకడం కనబడితే ఫోన్లో వీడియో తీసుకో, డాక్టరుకి చూపించు. కనబడకపోతే ఏమీ లేదని మాత్రం అనుకోకు, అందరికీ కనబడదు.

ఇక ఏం చేయొచ్చో మాట్లాడుకుందాం.

పట్టుబడి అయ్యేదాకా, అంటే ఇంకో పది రోజులు ఆగడం ఒక దారి. నీ మనసు అటే లాగుతోందని ఉత్తరంలో కనబడుతూనే ఉంది. పది రోజుల్లో ఏమీ కాకపోవచ్చు, నిజం చెప్పాలి కదా. కానీ ఆ దారి నిజంగానే సన్నబడి ఉంటే ఇంకో కిలో తగ్గుతాడు, నీరసపడ్డ పిల్లాడికి ఆపరేషన్ అంటే మత్తు డాక్టరుకీ భయమే, కుట్లు మానడమూ ఆలస్యమే. ఏ అర్ధరాత్రో ఒక మామిడి పీచో జామ గింజల ముద్దో అడ్డం పడి పూర్తిగా మూసుకుపోతే, మీ ఆయన గుంట మీద, నువ్వు ఒక్కదానివి 108 కోసం రోడ్డు మీద. నేనైతే ఆగను.

కావలిలో అదే డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళి నిజం చెప్పడం ఇంకోటి. సిగ్గుపడక్కర్లేదు, డాక్టర్లు రోజూ ఇలాంటివి వింటారు. ఆయన నిలబెట్టి పొట్ట ఎక్స్‌రే తీయించగలరు, రక్త పరీక్షలు రాయగలరు, సర్జనుకి ఉత్తరం రాసివ్వగలరు. ఆ ఉత్తరం చేతిలో ఉంటే పెద్దాసుపత్రిలో సగం పని అయినట్టే. ఒక్క పూట పోతుంది. టీబీ పరీక్ష మానేయమని మాత్రం అడగకు, ఇంట్లో ఒకరికి ఉండేది కాబట్టి అదీ చూడాల్సిందే. రెండూ చూసి తేల్చుకోనీ. నేను భయపడేది ఒక్కదానికే, దెబ్బ సంగతి తెలియక, సన్నబడిన పేగు చూసి టీబీ అనుకుని ఆరు నెలల మందులు మొదలైతే, మందులు పనిచేస్తాయని ఎదురుచూస్తూ ఆ ఆరు నెలలూ పిల్లాడు చిక్కిపోతాడు.

నేరుగా నెల్లూరు వెళ్ళడం మూడోది. పిల్లల సర్జన్ ఉన్న చోటికి వెళ్ళాలి, అది ముఖ్యం. ప్రభుత్వ పెద్దాసుపత్రి అయినా, ప్రైవేటు మెడికల్ కాలేజీ ఆసుపత్రి అయినా, ముందు ఫోన్ చేసి పిల్లల సర్జన్ ఏ రోజు ఓపీలో ఉంటారో అడుగు. బియ్యం కార్డు ఉందన్నావు కాబట్టి ఎన్టీఆర్ వైద్య సేవ, మొన్నటిదాకా ఆరోగ్యశ్రీ అనేవాళ్ళం కదా, అందులో ఆపరేషన్ వస్తుందో లేదో ఆసుపత్రి గుమ్మంలోనే కూర్చునే ఆరోగ్యమిత్రని అడుగు, కార్డూ పిల్లాడి ఆధారూ తీసుకెళ్ళు. అక్కడ వాళ్ళు మందు తాగించి చేసే సీటీ గానీ, తెల్లటి మందు తాగించి గంట గంటకీ తీసే ఎక్స్‌రేలు గానీ చేయొచ్చు. ఏది చేయాలో వాళ్ళకి వదిలేయి. "మళ్ళీ స్కాన్ ఎందుకు, మొన్నే చేశారుగా" అని మీ అత్త అంటుంది, అననీ. మద్రాసు ఎగ్మోరు పిల్లల ఆసుపత్రికి పోదామని మీ అమ్మ అంటోందన్నావు. మంచి ఆసుపత్రే, కానీ ఇప్పుడే అంతదూరం అవసరం లేదు. నెల్లూరులో వాళ్ళే పంపిస్తే వెళ్ళండి. మన కార్డు అక్కడ నడుస్తుందని ముందే అనుకోకుండా అడిగి వెళ్ళండి.

నన్ను అడిగితే రేపు పొద్దున కావలి, ఎల్లుండి నెల్లూరు. కానీ వీటిలో ఏది ఎంచుకున్నా, ఈ లోపల కొన్ని కనబడితే ఇవన్నీ పక్కన పెట్టి అప్పటికప్పుడు 108కి చెయ్యి. వాంతి రంగు చూడు. తిన్న అన్నం, తెల్లటి నురగ, లేత పసుపు వేరు. గోంగూర పసరులా ఆకుపచ్చగా వస్తే అది పైత్యం అని నిమ్మకాయ నాకించేది కాదు, పేగు మూసుకుపోయిందేమోనని పరిగెత్తాల్సింది. పొట్ట ఉబ్బి గట్టిపడటం, రోజంతా గాలి కూడా పోకపోవడం, మధ్యలో తెరిపి లేకుండా నొప్పి, విరోచనంలో రక్తం, జ్వరంతో పిల్లాడు మగతగా పడి ఉండటం, ఇవీ అంతే. అప్పుడు నోట్లో నీళ్ళు కూడా పోయొద్దు.

పొట్ట తోమించడం ఆపేయమ్మా. ఈ ఒక్కటి మాత్రం ఆప్షన్ కాదు, గట్టిగా చెబుతున్నాను. విరోచనాలు కావడానికని ఆముదం తాగించడం అసలే వద్దు, అవతలి తలుపు మూసి ఉంటే ఇవతలి నుంచి తోసినట్టు అవుతుంది. మీ అత్తని ఎదిరించి చెప్పనక్కర్లేదు, "డాక్టరు వద్దన్నారు" అను, ఆ అబద్ధం పరవాలేదు. నాలుగైదు సార్లుగా కొంచెం కొంచెం జావ, మజ్జిగ, మెత్తటి పెరుగన్నం పెట్టు. జామకాయలు, పీచు మామిడి, ముంజలు, నారింజ తొనలు కొన్నాళ్ళు వద్దు.

ఇక రెండోది. అసలు ఉత్తరం రాసింది దీనికోసమే కదా.

డాక్టరుకి మాత్రం చెప్పి భర్తకి దాచొచ్చా అని అడిగావు. చెప్పొచ్చు, ఎవరూ ఆపరు. కానీ ఏమవుతుందో చెబుతాను, వార్డులో నేను చూసిందే. ఆపరేషన్ అంటే సంతకానికి తండ్రిని పిలుస్తారు. హౌస్ సర్జన్ కుర్రాడు, పాపం రాత్రంతా నిద్రలేక, కేస్ షీట్ చూస్తూ "అదే, బైక్ హ్యాండిల్ తగిలింది కదండీ" అంటాడు. కారిడార్లో, నలుగురిలో, నీ మొహం ముందర. అంతకన్నా చెడ్డగా తెలిసే దారి నాకు తోచడం లేదు.

మీ తమ్ముడే వెళ్ళి చెప్పుకోవడం ఇంకో దారి. తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుంది, మగవాళ్ళు ఒక్కోసారి దానికి కరుగుతారు. కానీ చీటీ డబ్బుల మంట ఉండగా ఆ ఇద్దరే ఎదురుపడితే మాట పిల్లాడి పొట్ట మీద ఉండదు, లక్షా ఇరవై వేల మీదికి పోతుంది.

నువ్వే చెప్పడం మూడోది. ఇంట్లో కాదు, అత్తగారు వింటుంటే ఆయన ఆమె కోసం కూడా కోప్పడాల్సి వస్తుంది. సాయంత్రం కూడు తీసుకుని గుంట దగ్గరికి వెళ్ళు, నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడులో ఎవరికీ వినబడదు. మొదట తమ్ముడి మాట ఎత్తకు. మొదట బరువు చెప్పు, ఇరవైమూడు, ఇరవై. వీడియో ఉంటే చూపించు. డాక్టరు టీబీ అనుకుంటున్నారని, అది కాకపోవచ్చని, దెబ్బ ఎలా తగిలిందో సరిగ్గా చెప్పకపోతే తప్పు మందు పడుతుందని చెప్పు. అప్పుడు చెప్పు, "నేను నీకు ఒక అబద్ధం చెప్పాను" అని. తమ్ముడు చెప్పాడని కాదు, నేను చెప్పానని. కోప్పడతాడు. బహుశా ఆ రాత్రి అన్నం తినడు. కానీ ఐదు నిమిషాల తర్వాత ఆయన అడిగేది "ఇప్పుడు ఏం చేయాలంట" అనే అయి ఉంటుందని నా నమ్మకం, ఎందుకంటే పిల్లాడి స్కూలు ఫీజు కోసం మోటారు అమ్మిన మనిషని నువ్వే రాశావు.

"బతకనిస్తాడా" అన్నది మాట వరసకేనా, నిజంగా చెయ్యి చేసుకునే మనిషా అన్నది మాత్రం నీకే తెలుసు. నిజంగా అయితే ఒంటరిగా చెప్పకు, ఆయన మాట వినే పెద్దమనిషి ఒకరిని, మీ మామగారి తమ్ముడో ఎవరో, పక్కన పెట్టుకుని చెప్పు. ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181 నంబరు కూడా గుర్తుపెట్టుకో.

పోలీసు కేసవుతుందేమోనని భయపడ్డావు. రోడ్డు మీద బండి దెబ్బ కాబట్టి ఆసుపత్రిలో ఎంఎల్సీ, అంటే పోలీసులకి తెలియజేసే మెడికో లీగల్ కేసు, రాయొచ్చు, అది వాళ్ళ డ్యూటీ, పోలీసులు వచ్చి ఎలా జరిగిందని అడగొచ్చు. జరిగింది జరిగినట్టు చెప్పండి. దానికోసం వైద్యం ఆగదు. ముందు ప్రాణం, తర్వాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే, పరమానంద్ కటారా కేసులో తేల్చి చెప్పింది.

ఇంకొకటుంది, నువ్వు ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. రాత్రిళ్ళు మూలుగుతుంటే ఏం నాయనా అంటే "నొప్పి లేదులే అమ్మా" అంటాడని. ఎనిమిదేళ్ళ పిల్లాడికి కట్ట మీద పడ్డానని చెప్పమని నేర్పావు. వాడి లెక్కలో, నొప్పి అని చెబితే ఎందుకని అడుగుతారు, ఎందుకని అడిగితే మామ దొరికిపోతాడు. వాడు మామని కాపాడుతున్నాడు. డాక్టరు పొట్ట నొక్కి నొప్పా అంటే కూడా లేదనే అంటాడు, జాగ్రత్త. మీ ఆయనతో చెప్పడానికి ముందే, ఈ రాత్రే, పిల్లాడికి చెప్పు. బండి సంగతి ఇక దాచక్కర్లేదని, అమ్మే నాన్నకి చెబుతుందని, నొప్పి ఉన్నచోట వేలు పెట్టి చూపించమని. కుదిరితే మామతో ఫోన్లో మాట్లాడించు, "చెప్పెయ్ రా అల్లుడూ" అని వాడి నోటితో వినిపించు.

ఇంత చెప్పాక, పరీక్షలన్నీ అయి ఇది దెబ్బకి సంబంధించింది కాదని తేలొచ్చు. టీబీ కావొచ్చు, ఇంకేదైనా కావొచ్చు. తేలితే మంచిదే, దానికి తగ్గ మందు పడుతుంది. ఆ దెబ్బ వల్లే అని తేలి ఆపరేషన్ అంటే మాత్రం వెర్రిదానిలా ఏడవకు. పిల్లల పేగులు బాగా అతుక్కుంటాయి, చిన్న ముక్క తీసేస్తే మిగిలిన పొడవు చాలు, వారం పది రోజుల్లో ఇంటికొచ్చే పిల్లలే ఎక్కువ. ఆ తర్వాత కూడా, ఎన్నేళ్ళకైనా, ఆకుపచ్చ వాంతీ పొట్ట ఉబ్బరమూ కలిసి వస్తే ఆలస్యం చేయకూడదు, కుట్లు వేసిన పొట్టలో పేగులు ఒకదానికొకటి అతుక్కోవడం అప్పుడప్పుడూ ఉంటుంది. డిశ్చార్జ్ కాగితం పారేయకు.

డాక్టరు ముందు కూర్చుంటే నోరు పెగలదని రాశావు. అయితే కాగితం మీద రాసుకుని చేతికివ్వు. "బాబుకి ఫలానా తేదీన బైక్ హ్యాండిల్ గొట్టం బొడ్డు పైన గుచ్చుకుంది. అప్పుడు కట్ట మీద పడ్డాడని చెప్పాము, అది నిజం కాదు. రెండు వారాలు బాగున్నాడు. మూడో వారం నుంచి తిన్నాక నొప్పి, వాంతులు, మూడు కిలోలు తగ్గాడు. మెత్తటివి తింటాడు, గట్టివి తినడు." ఇంతే, ఐదు వాక్యాలు. తేదీ సరిగ్గా గుర్తులేదన్నావు. బీరువాలో చీరల కింద దాచానన్న ఆ స్కాన్ కాగితం బయటికి తియ్, పైన కుడి చేతి వైపు వేసి ఉంటుంది.